అటక మీది వాల్వు రేడియో మళ్లీ పలకాలంటే: ప్లగ్గు పెట్టకముందు చేయాల్సిన పని

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తాతగారి వాల్వు రేడియో పాతికేళ్లుగా అటక మీదే ఉండిపోయింది, ఇల్లు సర్దుతుంటే మొన్న బయటపడింది. వెనక అట్ట విప్పి చూస్తే ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈసీఎల్ 82, ఈజెడ్ 80, ఈఎం 84 అని ఐదు వాల్వులు కనిపించాయి. "దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టి చూడు, పలికితే పలుకుతుంది" అన్నారట మీ స్నేహితుడు. అలా చేయొచ్చా అని అడిగారు.

దయచేసి చేయకండి. అది పలికే అవకాశం కూడా ఉంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక మాస్టారు ఇలాంటి సెట్టే రిక్షాలో పెట్టుకుని తెచ్చారు. పదేళ్లు మూలన పడి ఉన్నది. ఆయన ఎదురుగా కూర్చుని ఆశగా చూస్తుంటే ఆగలేక ప్లగ్గు పెట్టేశాను. నిమిషంలో పచ్చ కన్ను (స్టేషన్ పట్టిందని చూపే వాల్వు) వెలిగింది, పాట వచ్చింది. మాస్టారి మొహం విప్పారింది. ఐదు నిమిషాలు గడిచాయో లేదో మైనం కాలుతున్న వాసన వచ్చింది. పాట గరగరలాడి ఆగిపోయింది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్టు తెగిపోయింది. దానికి కారణం వేలి కణుపంత ఉన్న ఒక పాత కాగితపు కండెన్సర్. దాన్ని ముందే మార్చి ఉంటే ఒక టీ ఖర్చుతో పోయేది. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టించడానికి నెల పట్టింది. ఆ నెల్లో మాస్టారు నాలుగుసార్లు వచ్చి ఖాళీ చేతులతో వెళ్లారు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఏ పాత సెట్టుకైనా, చల్లగా ఉండగానే సగం రిపేరు అయిపోతే తప్ప కరెంటు ఇవ్వలేదు.

అంతకాలం వాడకుండా ఉన్న సెట్టులో వాల్వుల కంటే ముందు పోయేవి కండెన్సర్లు. అందరికీ వాల్వుల మీదే భయం, అవి దొరకవేమోనని. నిజానికి గాజు పగలకపోతే వాల్వు నలభై ఏళ్లు పెట్టెలో ఉన్నా అలాగే ఉంటుంది. వాల్వు పైభాగంలో లోపల వెండి పూత మెరుస్తోందేమో చూడండి. మెరుస్తుంటే లోపల శూన్యం భద్రంగా ఉన్నట్టు. ఆ పూత పాలలా తెల్లబడితే గాలి దూరింది, ఆ వాల్వు పోయినట్టే. ఒక జాగ్రత్త: వాల్వు మీది అక్షరాలను తడిగుడ్డతో తుడవకండి. వేలు గట్టిగా రాసినా ఆ అచ్చు చెరిగిపోతుంది, తర్వాత ఏది ఏదో తెలియదు. ముందు ఫోనుతో ఫొటోలు తీసి, ఏ సాకెట్లో ఏ వాల్వు ఉందో కాగితం మీద రాసుకుని, అప్పుడు మెల్లగా ఊపుతూ పైకి లాగండి.

ఇంకో విషయం మొదట్లోనే తేల్చుకోవాలి. మీ వాల్వుల పేర్లు 'ఈ' తో మొదలయ్యాయి, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే వాల్వు) ఈజెడ్ 80. అంటే లోపల మెయిన్స్ (ఇంటి కరెంటు) ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. అయినా కళ్లతో చూసి నిర్ధారించుకోండి. ఇది చదివే వేరేవాళ్ల దగ్గర యూసీహెచ్ 81, యూసీఎల్ 82, యూవై 85 లాంటి 'యూ' వాల్వుల సెట్టు ఉంటే అది ఏసీ/డీసీ రకం. కొన్ని ఊళ్లలో ఇంకా డీసీ కరెంటు ఇచ్చే కాలంలో అలాంటివి చాలా అమ్ముడయ్యాయి. వాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, మెయిన్స్ తీగ ఒకటి నేరుగా ఛాసిస్‌కే (భాగాలన్నీ బిగించిన లోపలి రేకు చట్రానికే) కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజే. నాబుల పక్క స్క్రూలను మైనంతో మూసి ఉంచేది అందుకే, వేలు తగలకుండా. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టును మెయిన్స్ నుంచి విడదీసేది) లేకుండా అలాంటి సెట్టు విప్పొద్దు, దానికి ఎర్త్ కలపొద్దు.

మీ సెట్టుకి వద్దాం. ఛాసిస్ బయటికి తీయాలంటే ముందు నాబులు, తర్వాత అడుగున బోల్టులు, స్పీకరు తీగలు. డయల్ దారం ఏ చక్రం మీదుగా ఎలా తిరిగిందో తెగకముందే బొమ్మ గీసుకోండి. తెగాక ఆ దారి కనిపెట్టడానికి ఒక ఆదివారం పోతుంది. డయల్ అద్దాన్ని నీళ్లతో అసలు కడగకండి. స్టేషన్ల పేర్లు అద్దం వెనక వైపు అచ్చు వేసి ఉంటాయి, తడి తగిలితే పెచ్చులుగా ఊడి వస్తాయి. ముందు వైపు మాత్రం పొడి మెత్తని గుడ్డతో తుడవండి.

లోపల ఏం కనిపిస్తుందో నేను ఇక్కడి నుంచే చెప్పగలను. బల్లి గుడ్ల పెంకులు, ట్రాన్స్‌ఫార్మర్ మీద కందిరీగ కట్టిన మట్టి గూడు, ఎలుకలు కొరికిన స్పీకరు గుడ్డ. పాత పెయింటు బ్రష్షు, బ్లోయర్ చాలు. ఎలుక మూత్రం పడిన చోట ఛాసిస్ మీద తెల్లటి పొక్కులు ఉంటాయి, అక్కడి సన్న తీగలను భూతద్దంతో చూడండి. రబ్బరు తొడుగు ఉన్న తీగలు వంచితే బిస్కెట్‌లా పొడి రాలితే వాటిని మార్చాల్సిందే. మెయిన్స్ తీగ మాత్రం ఎలా ఉన్నా మార్చండి. కొత్తది మూడు కోర్ల తీగ వేసి, ఛాసిస్‌కి ఎర్త్ కలిపి, ఫేజులో 500 మిల్లీఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు ఒకటి పెట్టండి. ఇలాంటి సెట్టు లాగేది 50 వాట్ల లోపే. వెనక వోల్టేజి మార్చే బిళ్ల ఉంటే దాన్ని 240 లేదా 250 మీదికి తిప్పండి. ఇప్పుడు మన ఇళ్లలో 230 పైనే వస్తోంది.

ఇక కండెన్సర్లు. ఛాసిస్ తిరగేస్తే మైనం పూసిన గోధుమరంగు కాగితపు గొట్టాలు, లేదా నల్లటి తారు పూసినవి కనిపిస్తాయి. వాటన్నిటినీ మార్చండి. 400 వోల్టులని రాసి ఉన్నచోట 630 వోల్టుల పాలియెస్టర్ వేస్తే నిశ్చింత. 0.01 ఉన్నచోట 0.01 మైక్రోఫారడే, విలువ పెంచితే మేలు జరగదు. మైకా, సిరామిక్ కండెన్సర్లను కదపకండి, అవి చాలావరకు బాగానే ఉంటాయి. మెయిన్స్ తీగల మధ్య ఒకటి ఉంటే దాని స్థానంలో ఎక్స్ 2 రకం, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఉంటే వై రకం మాత్రమే వేయాలి (రెండూ మెయిన్స్ కోసమే చేసిన సేఫ్టీ కండెన్సర్లు). మామూలువి అక్కడ పెట్టడం ప్రాణాలకే ముప్పు. ఒకేసారి అన్నీ ఊడబీకకండి. ఒకటి తీసి, దాని చోట కొత్తది టంకం పెట్టి, ఫొటోతో సరిచూసుకుని, తర్వాతది. ఒకేరోజు పది మార్చి చివరికి రెండు కాళ్లు మిగిలిపోయి ఎక్కడివో తెలియక నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది.

వీటన్నిటిలో నేను మొదట మార్చేది ఒకటుంది. ఈసీఎల్ 82 అనేది ఒకే గాజులో రెండు వాల్వులు: ట్రయోడ్, పెంటోడ్. ట్రయోడ్ ఆనోడ్ (పాట బయటికి వచ్చే కొస) నుంచి పెంటోడ్ గ్రిడ్‌కి (పాట లోపలికి వెళ్లే కొస) పాటను దాటించే కప్లింగ్ కండెన్సరే నేను చెబుతున్నది. మాస్టారి సెట్టును కాల్చింది ఇదే. ఒకవైపు వంద వోల్టుల డీసీ, రెండోవైపు సున్నా. కండెన్సర్ పని డీసీని ఆపి పాటను మాత్రం పంపడం. పాతబడిన కాగితం కొద్దిగా కారుతుంది. ఆ కారడం ఎంత చిన్నదైనా ఎంత చేటు చేస్తుందో లెక్క చూడండి. లీకేజి 10 మెగాఓమ్‌లు అనుకుందాం, గ్రిడ్ రెసిస్టెన్స్ 680 కిలో ఓమ్‌లు. గ్రిడ్ మీదికి 6 వోల్టులకు పైగా పాజిటివ్ వచ్చి చేరుతుంది. 200 వోల్టుల మీద ఈ పెంటోడ్‌కి కావాల్సిన నెగటివ్ బయాస్ (వాల్వు కరెంటును అదుపులో ఉంచే వోల్టేజి) దాదాపు 16 వోల్టులు. అందులోంచి ఆరు పోతే వాల్వు పట్టు తప్పుతుంది, కరెంటు ఎగబాకుతుంది, ఆ వేడికి లీకేజి ఇంకా పెరుగుతుంది. చివరికి కాలేది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో చూస్తే ఇదే కండెన్సర్ బాగున్నట్టు చూపించవచ్చు. మీటరు ఇచ్చేది కొద్ది వోల్టులే, లోపం బయటపడేది వంద వోల్టుల మీద. అందుకే దీన్ని పరీక్షించడం మానేసి నేరుగా మార్చేస్తాను.

తర్వాత ఫిల్టర్ కండెన్సర్లు. అల్యూమినియం డబ్బాలో రెండు కలిపి ఉంటాయి, 50+50 మైక్రోఫారడ్, 350 వోల్టులు అని రాసి ఉంటుంది. లోపలి ద్రావకం ఎండిపోయి ఉంటుంది. డబ్బాను పైన అలాగే ఉంచండి, సెట్టు రూపం చెడదు. దాని తీగలు మాత్రం విప్పేసి, కింద 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు వేయండి. పాతదానికి పక్కనే కొత్తది జోడించి ఊరుకోవద్దు, పాతది షార్ట్ అయితే రెండూ పోతాయి. వాల్వులు వేడెక్కి కరెంటు లాగేలోపు హెచ్‌టీ (రెక్టిఫయర్ నుంచి వాల్వులకు అందే పెద్ద డీసీ వోల్టేజి) మామూలుకంటే పైకి వెళ్తుంది కాబట్టి 450 వోల్టులవి అడుగుతున్నాను. హమ్ (స్పీకరులో గుయ్ మనే కరెంటు మోత) పూర్తిగా పోవాలని కొందరు 220 మైక్రోఫారడ్ పెడతారు. ఈజెడ్ 80 తట్టుకునేది 50 వరకే. అంతకంటే పెద్దదాన్ని నింపడానికి ప్రతి సైకిల్‌లోనూ అది పెద్ద కుదుపు కరెంటు ఇవ్వాలి, క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) పూత తొందరగా అరిగిపోతుంది.

రెసిస్టెన్స్‌లలో కార్బన్ రకం ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతుంది. 220 కిలో ఓమ్‌లది 400 చూపించడం మామూలే. రాసినదానికి ఇరవై శాతం దాటితే మార్చండి, లోపలైతే వదిలేయండి.

ఈ దశలో ఓపికగా రెండు ట్రాన్స్‌ఫార్మర్లనూ కొలవండి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ కొన్ని వందల ఓమ్‌లు చూపించాలి. అది తెగి ఉండగా సెట్టు ఆన్ చేస్తే ఆనోడ్‌కి కరెంటు అందదు, ఆ భారమంతా స్క్రీన్ గ్రిడ్ మీద పడి వాల్వులో ఎర్రగా కాలుతుంది. స్పీకరు విప్పేసి కూడా ఎప్పుడూ సెట్టు నడపకండి. స్పీకరు కాగితం చిరిగితే మెత్తని టిష్యూ కాగితం, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించండి. నేను అతికించినవి ఇప్పటికీ పలుకుతున్నాయి.

బ్యాండ్ స్విచ్చికి, వాల్యూమ్ కంట్రోల్‌కి కాంటాక్ట్ క్లీనర్ ఒక్కో చుక్క వేసి ఇరవైసార్లు తిప్పండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వద్దు, వాటి జిడ్డు బ్యాండ్ స్విచ్చి బిళ్లల్లోకి ఇంకిపోతుంది. గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్లు మార్చేటప్పుడు తిరిగేది) రేకులను బ్రష్షుతో తప్ప ముట్టుకోవద్దు. ఇంకా ముఖ్యం, ఐఎఫ్ (స్టేషన్ సిగ్నల్‌ని సెట్టు లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్ల అల్యూమినియం డబ్బాల్లో కనిపించే స్క్రూలను తిప్పకండి. వదులయ్యాయేమో బిగిద్దామనిపిస్తుంది. అవి స్క్రూలు కావు, ఫెర్రైట్ కోర్లు. ఫ్యాక్టరీలో 455 కిలోహెర్ట్జ్ దగ్గరికి సరిపెట్టి మైనం వేసినవి. సిగ్నల్ జనరేటర్ లేకుండా కదిపితే మంచి సెట్టు మూగబోతుంది.

ఇప్పుడు కరెంటు. సిరీస్ బోర్డు ఒకటి తయారు చేసుకోండి: 60 వాట్ల ఫిలమెంటు బల్బు, దాని వరుసలో సెట్టు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. మొదటిసారి ఈజెడ్ 80 తీసేసి, మిగతా వాల్వులతో ఆన్ చేయండి. రెక్టిఫయర్ లేదు కనుక హెచ్‌టీ పుట్టదు, దీపాలు మాత్రమే వెలుగుతాయి. బల్బు ఒక్కసారి పెద్దగా వెలిగి, ఫిలమెంట్లు వేడెక్కేకొద్దీ తగ్గాలి. తగ్గకుండా పూర్తి వెలుతురుతో ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపేయండి. బాగుంటే అరగంట అలాగే ఉంచండి. ప్లగ్గు పీకి, ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు, చురుక్కుమనకూడదు.

ఆ తర్వాత ఈజెడ్ 80 పెట్టి, మీటరు నల్ల తీగ ఛాసిస్‌కి క్లిప్పుతో తగిలించి, ఎర్ర తీగ హెచ్‌టీ మీద ఉంచి ఆన్ చేయండి. చేతులు పెట్టి పనిచేయాల్సి వస్తే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి, కాళ్లకు చెప్పులు ఉండాలి, పిల్లలు గదిలో ఉండకూడదు. ఇక్కడ ఉండేది 250 వోల్టులు, ఒక్కోసారి అంతకు మించిన డీసీ, అది మనిషిని వదలదు. ప్లగ్గు పీకాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టెన్స్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కలిపి పది సెకన్లు పట్టించి, మీటరులో సున్నా చూశాకే లోపల చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో టప్పున షార్ట్ చేసే అలవాటు కండెన్సర్‌కీ మంచిది కాదు, మీ కళ్లకీ మంచిది కాదు.

హెచ్‌టీ మెల్లగా పెరిగి ఒకచోట నిలబడితే బల్బు తీసేసి నేరుగా ఇవ్వొచ్చు. ఇప్పుడు చేయాల్సిన అసలు కొలత ఇది. ఛాసిస్ తిరగేసి, ఈసీఎల్ 82 సాకెట్టు ఖాళీ జాగా నుంచి గడియారం తిరిగే దిశలో లెక్కపెట్టండి. మూడోది పెంటోడ్ గ్రిడ్. దాని దగ్గర డీసీ వోల్టేజి సున్నా ఉండాలి, లేదా సున్నాకి కొంచెం కింద. ఒకటో రెండో వోల్టులు పాజిటివ్ చూపిస్తే ఆఫ్ చేసి, కప్లింగ్ కండెన్సర్ ఒక కాలు ఊడదీసి మళ్లీ కొలవండి. పాజిటివ్ పోతే కండెన్సర్ దోషం, కొత్తదైనా సరే. పోకపోతే వాల్వులోనే గ్యాస్ చేరింది, వాల్వు మార్చాలి. తర్వాత రెండో పిన్, అంటే పెంటోడ్ క్యాథోడ్. అక్కడ రెసిస్టెన్స్ మీది వోల్టేజిని దాని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు తెలుస్తుంది. 390 ఓమ్‌ల మీద 15 వోల్టులుంటే 38 మిల్లీఆంపియర్లు, నిశ్చింతగా నడపొచ్చు. 50 దాటితే ఆపేసి కారణం వెతకాలి. కొన్ని సెట్లలో క్యాథోడ్ నేరుగా ఛాసిస్‌కే కలిసి, బయాస్ వేరే చోటి నుంచి వస్తుంది. అప్పుడు గ్రిడ్ దగ్గరే పది పైన నెగటివ్ కనిపించాలి.

ఇన్ని చేసినా స్టేషన్ రాకపోతే స్పీకరు వైపు నుంచి మొదలుపెట్టి ఏరియల్ వైపుకి రండి. ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ లోహం మీద వేలు ఆనించి వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుకి తాకిస్తే స్పీకరులో గుర్‌ర్ మనాలి. అంటే ఆడియో భాగం బతికే ఉంది. ఆ పైన ఈసీహెచ్ 81 లోపల ఆసిలేటర్ (స్టేషన్‌తో కలపడానికి సెట్టు తానే సిగ్నల్ పుట్టించే భాగం) నడుస్తోందా లేదా చూడాలి. దీనికి చిన్న ట్రాన్సిస్టర్ రేడియో చాలు. మీ సెట్టు ముల్లు 1000 కిలోహెర్ట్జ్ మీద ఉంచి, ట్రాన్సిస్టర్‌ని పక్కన పెట్టి మీడియం వేవ్‌లో 1455 (1000కి ఐఎఫ్ 455 కలిపితే వచ్చేది) చుట్టూ మెల్లగా తిప్పండి. ఒకచోట దాని హిస్ ఒక్కసారిగా అణిగిపోతుంది. మీ ముల్లు కదిపితే ఆ చోటు కూడా కదులుతుంది. అలా జరిగితే ఆసిలేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏ చోటా అణగకపోతే బ్యాండ్ స్విచ్చి కాంటాక్టులు ఇంకోసారి శుభ్రం చేయండి, తర్వాత ఈసీహెచ్ 81 ని అనుమానించండి.

విడి భాగాలకు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు. కండెన్సర్లు అన్నిచోట్లా దొరుకుతాయి. వాల్వులకు పాత సామాను అమ్మేవాళ్లను అడగాలి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేసింది. బీఈఎల్ అని అచ్చు ఉన్నవి పెట్టెలతో సహా దొరికితే వదలకండి.

పెట్టె విషయం క్లుప్తంగా. అది ప్లైవుడ్ మీద అతికించిన పల్చని టేకు పొర. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే ఆ పొర అరిగిపోతుంది. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్‌ని గుడ్డ ముద్దతో పల్చగా మూడు నాలుగు పూతలు వేస్తే చాలు. చెదలు పట్టి ఉంటే మందు కొట్టి వారం ఆరనివ్వండి.

ఏరియల్ లేకుండా వాల్వు సెట్టు సగమే పనిచేస్తుంది. మన ఇళ్ల వసారాల్లో ఆ రోజుల్లో జాలీలా అల్లిన రాగి పట్టీ ఒకటి గోడకి గోడకి వేలాడేది, గుర్తుందా? అది దొరక్కపోతే పది మీటర్ల తీగ డాబా మీద కట్టండి, ఉరుములప్పుడు దాన్ని తీసేయండి. పాత డయల్ మీద మీటర్లు రాసి ఉంటే 3 లక్షలను కిలోహెర్ట్జ్‌తో భాగించుకోండి. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ అంటే 406 మీటర్ల దగ్గర, విజయవాడ 837 అంటే 358 దగ్గర. ఒకవేళ గరగర తప్ప ఏమీ వినపడకపోతే సెట్టును అనకముందు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్ ఆపి చూడండి. మీ తాతగారు రేడియో సిలోన్ విన్న రోజుల్లో ఇవేవీ లేవు. ఇప్పుడు మీడియం వేవ్‌ని ఇవే మింగేస్తున్నాయి.

ఒకటి బతిమాలి చెబుతున్నాను. లోపలివన్నీ తీసేసి బ్లూటూత్ బోర్డు పెట్టించమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఐదు వాల్వులూ, రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ చేతిలో ఉన్న సెట్టు మీది. మార్చాల్సింది పదీ పదిహేను కండెన్సర్లు. ఫోనులో పాటలు కూడా వినాలనుంటే, వెనక గ్రామఫోన్ పికప్‌కి ఇచ్చిన రెండు రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. చాలా సెట్లకు ఉంటాయి. మీ సెట్టు ఛాసిస్‌కి ఎర్త్ ఉంటుంది కాబట్టి, ఫోనుకి ఛార్జర్ తగిలించకుండా అక్కడ ఇవ్వొచ్చు.

ముందుగా ఛాసిస్ అడుగు భాగం నాలుగు ఫొటోలు, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఫొటో ఒకటి పంపండి. ఏ కండెన్సర్ ఎక్కడిదో గుర్తు పెట్టి చెబుతాను. ఈసీఎల్ 82 మూడో పిన్ దగ్గర మీటరు ఎంత చూపిందో రాసేదాకా మాత్రం, ఈజెడ్ 80 పెట్టాక సెట్టును పది నిమిషాలకు మించి ఆన్‌లో ఉంచకండి.